గోడ లేని కోట ఏంది సార్?

ప్రశ్న: మా బిడ్డ డెన్వర్‌ల ఉంటది, మొన్న పోతే వ్యోమింగ్‌ల ఫోర్ట్ లారమీ చూపెట్టింది. గోడ లేదు, బురుజు లేదు, ఇదేం కోట? – ఓ పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ఖిలా వరంగల్ చూసిన కండ్లు కదమ్మా, మట్టికోట, అగడ్త, దాని లోపల రాతికోట, అట్ల అనిపిస్తది మరి. 1834ల తోళ్ల వ్యాపారులు కట్టుకున్నదానికైతే చుట్టూ కట్టెల గోడ ఉండె, 1841ల మట్టి ఇటుకలతోని ఇంకోటి కట్టిన్రు. 1849ల అమెరికా సైన్యం 4,000 డాలర్లకు కొన్నది, పడమరకు పోయే వలస బండ్లకు కాపలా అని. గోడకు ప్లాన్ వేసిన్రు గానీ ఖర్చు చూసి వదిలేసిన్రు, ఇగ సైనికులే గోడ అనుకోవాలె.

నన్నడిగితే అసలు కథ ఈ కోట కాడ జరిగిన 1868 ఒప్పందం. బ్లాక్ హిల్స్ గుట్టలు అక్కడి ఆదివాసులు లకోటాలవే అని అమెరికా సర్కారు రాసిచ్చి, 1874ల అక్కడ బంగారం బయటపడంగనే మాట మారిపాయె, 1877ల గుంజుకున్నరు.

1890ల సైన్యం పోయినంక ఇండ్లు వేలం వేస్తే జనం కలప గూడ పీక్కపోయిన్రు. 1938ల జాతీయ స్మారకం అయ్యింది. మీరు బొమ్మలు అని తిరిగే విజిటర్ సెంటర్ ఉన్నది చూసిన్రా, అది 1884 నాటి సైన్యం సరుకుల గోదామే!