గొంతు క్యాన్సర్‌కు కీమో, రేడియేషన్ రెండూ ఒకేసారి ఎందుకు? ఏం చూసుకోవాలి?

మీ నాన్నగారికి స్వరపేటిక క్యాన్సర్ మూడో స్టేజి, రెండూ ఒకేసారి తట్టుకోగలరా, ముందు కీమో ఇచ్చి తర్వాత కరెంటు పెట్టకూడదా అని అడిగారు. విడివిడిగా ఇస్తే అంత ఫలితం ఉండదండీ. రేడియేషన్‌తో దెబ్బతిన్న డీఎన్‌ఏను క్యాన్సర్ కణం బాగుచేసుకోకుండా సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు అడ్డుపడుతుంది. అందుకే రెండూ కలిసి నడవాలి.

రేడియేషన్ మామూలుగా మొత్తం 70 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), 35 సిట్టింగులు, వారానికి 5 చొప్పున 7 వారాలు. సిస్‌ప్లాటిన్ ఒంటి వైశాల్యాన్ని బట్టి చదరపు మీటరుకు 40 మి.గ్రా. వారంవారం, లేదా 100 మి.గ్రా. మూడు వారాలకోసారి. అన్ని డోసులూ కలిపి చదరపు మీటరుకు 200 మి.గ్రా.కి తగ్గకుండా చూస్తారు.

అసలు ప్రమాదం మధ్యలో మానేయడం. మూడు నాలుగు వారాలు దాటాక మిగిలిన కణాలు వేగంగా పెరుగుతాయి. సరిగ్గా అప్పుడే నోరు పూసి, మింగలేక, "నాలుగు రోజులు ఆగుదాం" అంటారు. ఆగొద్దు. మెషిన్ చెడిపోయో, పండగ వచ్చో సిట్టింగ్ పోతే శనివారం పెడతారేమో, లేదా ఆరు గంటల ఎడంతో ఒకే రోజు రెండు ఇస్తారేమో అడగండి.

తీయాల్సిన పళ్ళుంటే రేడియేషన్ మొదలుపెట్టడానికి రెండు వారాల ముందే తీయించండి. తర్వాత తీస్తే దవడ ఎముక మానకపోవచ్చు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష), వినికిడి పరీక్ష తప్పనిసరి. కిడ్నీలు బాగోకపోతే సిస్‌ప్లాటిన్ బదులు డోసిటాక్సెల్ అనే మరో కీమో మందు చదరపు మీటరుకు 15 మి.గ్రా. వారంవారం ఇస్తారు. నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొని వేయకండి. సిస్‌ప్లాటిన్‌తో కలిస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. డాక్టరు మార్ఫిన్ రాస్తే భయపడక్కర్లేదు.

లీటరు నీళ్ళలో చెంచా ఉప్పు, చెంచా తినే సోడా కలిపి రోజుకు ఐదారుసార్లు పుక్కిలించాలి. బరువు తగ్గితే రేడియేషన్ అప్పుడు తల కదలకుండా ముఖానికి బిగించే మాస్క్ వదులై కిరణాలు గురి తప్పుతాయి, మళ్ళీ ప్లాన్ చేయాల్సి వస్తుంది. కాబట్టి ముక్కులో గొట్టం వేస్తామంటే బెట్టు చేయనివ్వకండి. చాలా ఇళ్ళలో దాన్ని చివరి ఘట్టంలా చూస్తారు గానీ అది అన్నం పెట్టే దారి, అంతే. గొట్టం ఉన్నా డాక్టరు వద్దనకపోతే రోజూ కొంచెం నీళ్ళో, జావో మింగిస్తూనే ఉండాలి, లేకపోతే గొంతు కండరాలు మింగడం మరచిపోతాయి.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

క్యాన్సర్ ఇంకా మిగిలిందేమో చూసే పెట్ స్కాన్ ట్రీట్‌మెంట్ అయ్యాక 12 వారాలకు తీస్తారు. ముందే తీస్తే వాపు కూడా గడ్డలా వెలుగుతుంది. థైరాయిడ్ పరీక్ష ఆరునెలలకోసారి.