చెరువు మట్టి ఎకరాకు ఎంత?

ప్రశ్న: మా ఊరి రైతులం కలిసి చెరువు పూడిక తీసి చల్కా నేలలకు తోలుకుంటున్నాం. ఎకరాకు ఎన్ని ట్రాక్టర్లు పోయాలి?

జవాబు: అంగుళం మందాన పరిస్తే చాలు. ఎకరాకు దాదాపు 100 ఘనమీటర్లు, అంటే 3 ఘనమీటర్లు పట్టే ట్రాలీతో 33, 34 లోడ్లు. ముందుగా అయిదారు చోట్ల మట్టి తీసి కలిపి, అరకిలో పరీక్షకు పంపండి. ఎండిన పూడికపై తెల్లటి పొర కనబడితే ఉప్పు ఉన్నట్టు. మురుగు కలిసే మూల మట్టి అసలొద్దు. నల్లటి పూడిక అయిపోయి గట్టి అడుగు తగలగానే జేసీబీ ఆపించండి, లేదంటే నీరు ఇంకిపోతుంది. కట్ట మొదట్లో తవ్వనివ్వకండి. వేసవిలోనే పరిచి, గడ్డలు ఎండి పగిలాక, తొలకరికి ముందు కలియదున్నండి. తడి మట్టిని దున్నితే పెళ్లలు కడుతుంది.