వాగు లోయలో నవంబరు నడక

ప్రశ్న: మేము అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటున్నాం. అనకాపల్లి నుంచి వచ్చిన అమ్మానాన్నలను నవంబరు మొదటి వారంలో సెడోనా దగ్గరి వెస్ట్ ఫోర్క్ లోయకు తీసుకువెళ్లాలని ఉంది. ఇద్దరికీ అరవై దాటాయి, రోజూ నడుస్తారు. దారిలో 13 సార్లు వాగు దాటాలంటున్నారు. వెళ్లవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: నిరభ్యంతరంగా వెళ్లవచ్చు. చివరిదాకా చూసి తీరాలన్న పట్టుదల మాత్రం వద్దు. ఒకవైపు 5 కిలోమీటర్లకు కాస్త పైబడిన ఆ బాట దాదాపు చదునుగానే సాగుతుంది కనుక, రోజూ నడిచేవారికి దూరం లెక్కలోది కాదు. చిక్కంతా వాగు దాటే చోట్లనే ఉంది. వానలు లేని రోజుల్లో నీరు లోతుండదు, అడుగు వేయడానికి రాళ్లూ దుంగలూ ఉంటాయి. కానీ మేపుల్, ఓక్ ఆకులు రాలి తడిరాళ్లకు అతుక్కుపోయే కాలమది, ఆకు కింద పాచి ఉన్నదీ లేనిదీ కాలు జారేదాకా తెలియదు. రాయి మీంచి రాయి మీదికి గెంతడం కన్నా, ఊతకర్రను ముందుగా నీటిలో ఆనించి, బూట్లు తడిసినా సరే గులకరాళ్ల మీద నిదానంగా పాదం మోపి దాటడమే పెద్దవారికి క్షేమం. మార్చుకోవడానికి ఉన్ని మేజోళ్లు ప్లాస్టిక్ సంచిలో ఉంచండి. నూలువి తడిస్తే ఒకపట్టాన ఆరవు.

లోయ సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. గోడలు నిటారుగా ఉండడం వల్ల ఎండ అడుగుకు ఆలస్యంగా దిగి, త్వరగా తప్పుకుంటుంది. చాండ్లర్‌లో పొట్టి చేతుల చొక్కాతో తిరిగే రోజున కూడా అక్కడ స్వెటరు కావాలి. సూర్యాస్తమయం సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో అయినా, మధ్యాహ్నం రెండింటికల్లా, ఎంతవరకు వచ్చి ఉన్నా, వెనుదిరగండి. నా మాటగా నాలుగైదు దాటింపులు చాలు. ఆకుల ఎరుపూ, పాత విడిది శిథిలాలూ, ఆపిల్ తోటా అంతలోపే కనిపిస్తాయి. పైనున్న లేతరంగు రాతిలో ఏటవాలు చారలను నాన్నగారికి చూపించండి: 27 కోట్ల ఏళ్ల నాటి ఎడారి ఇసుకతిన్నెలు గట్టిపడిన గుర్తులవి. బాట ముగిసిన తరువాత నీళ్లలో దిగి, కొన్నిచోట్ల ఈదుతూ వెళ్లాలి. నవంబరులో ఆ ఊసే వద్దు.

సెలవు రోజుల్లో వాహనాలు నిలిపే స్థలం పొద్దున్నే నిండిపోతుంది కనుక పనిదినం ఎంచుకోండి. అక్కడి రుసుము వేరు, సెడోనా చుట్టుపక్కల వాహనం నిలపడానికి కొనే మామూలు రెడ్ రాక్ పాస్ చెల్లదు. ఎగువన వాన సూచన ఉంటే ప్రయాణం మరో రోజుకు మార్చుకోండి.