పాత ఇంగ్లీషులో తెలిసిన మాటలతోనే అసలు చిక్కు

షేక్‌స్పియర్ నాటకాలు, 1611 నాటి బైబిలు అనువాదం చదివేటప్పుడు ప్రతి మాటా తెలిసినట్టే ఉన్నా వాక్యానికి అర్థం కుదరడం లేదని, నిఘంటువు చూసినా ప్రయోజనం కనిపించడం లేదని మీరు రాశారు. ఆంగ్ల సాహిత్యం చదువుకున్న రోజుల్లోనూ, తర్వాత అవే పాఠాలు విద్యార్థులకు చెప్పేటప్పుడూ నేను గమనించినది ఏమిటంటే, బొత్తిగా తెలియని మాట దగ్గర ఎవరైనా ఆగి అర్థం వెదుక్కుంటారు; తెలుసనుకొని దాటిపోయిన మాటే వాక్యాన్ని తలకిందులు చేస్తుంది. పండితులు ‘ఓల్డ్ ఇంగ్లిష్’ అనేది సుమారు 1150కి ముందటి భాషను. మీరు చదువుతున్నది దానికి చాలా తర్వాతిదే అయినా, ఆనాటి అర్థాలు కొన్ని అందులో ఇంకా సజీవంగా ఉన్నాయి.

‘లెట్’ అనే మాటనే తీసుకోండి. తన తండ్రి ప్రేతం వెంట వెళ్లబోతున్న హామ్లెట్‌ను స్నేహితులు పట్టుకొని ఆపినప్పుడు, తనను ‘లెట్’ చేసేవాణ్ణి ప్రేతంగా మారుస్తానని అతడు కత్తి దూస్తాడు. వెళ్లనిచ్చేవాణ్ణి చంపడమేమిటని తరగతిలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ప్రాచీన ఆంగ్లంలో ‘లేటన్’ అంటే అనుమతించడం, ‘లెట్టన్’ అంటే అడ్డుకోవడం. ఈ రెండు వేరువేరు క్రియలూ ఉచ్చారణ అరిగి ఒకటే రూపానికి వచ్చాయి. పూర్తిగా ఎదురు అర్థాలున్న మాటలు ఒకే వేషంలో ఎంతోకాలం నిలవలేవు గనుక రెండోది వాడుకలోంచి తప్పుకుంది. అయినా మన భారతీయ పాస్‌పోర్టులో, దాన్ని చూపినవారిని ‘లెట్ ఆర్ హిండ్రెన్స్’ లేకుండా పోనివ్వాలని రాష్ట్రపతి పేరిట కోరే వాక్యంలో అది ఇప్పటికీ ఉంది. టెన్నిస్‌లో బంతి నెట్‌కు తగిలినప్పుడు వినిపించే ‘లెట్’ కూడా ఇదేనని చెబుతారు.

‘మీట్’ అంటే ఒకప్పుడు ఏ ఆహారమైనా సరే. 1611 బైబిలులో లేవీయకాండం రెండో అధ్యాయం చెప్పే ‘మీట్ ఆఫరింగ్’లో ఉండేవి మెత్తని పిండి, నూనె, సాంబ్రాణి వంటివే, మాంసం పేరుకైనా లేదు. 1885 నాటి సవరించిన అనువాదం దీన్ని ‘మీల్ ఆఫరింగ్’ అని మార్చింది. ‘స్వీట్‌మీట్’లో పాత అర్థమే మిగిలింది.

‘డీర్’ కూడా మొదట ఏ అడవి జంతువుకైనా చెల్లే మాటే. లియర్ రాజు నాటకంలో ఎలుకలను సైతం చిన్న ‘డీర్’ అనడం అందుకే. మన ‘మృగం’ విషయం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: సంస్కృతంలో అది అడవి జంతువుకూ, ముఖ్యంగా లేడికీ పేరైంది; తెలుగు వాడుక మొదటి అర్థాన్నే ఉంచుకొని, లేడిని మృగశిర వంటి సమాసాల్లో వదిలేసింది. ‘స్టార్వ్’ అంటే కేవలం చనిపోవడం, ‘గర్ల్’ అంటే ఆడైనా మగైనా పిల్ల, ‘ప్రివెంట్’ అంటే ముందుగా వెళ్లడం వంటివి ఇంకా ఎన్నో ఉన్నాయి.

నిఘంటువు ఉపయోగపడకపోవడానికి కారణం, చాలా నిఘంటువులు నేటి అర్థాన్ని ముందు పెట్టడమే. 1884లో తొలి భాగం వెలువడి 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ మహా నిఘంటువు అర్థాలను పుట్టిన క్రమంలో, ఏళ్లతో, ప్రయోగాలతో సహా ఇస్తుంది. అది అందుబాటులో లేకపోతే మెరియం-వెబ్‌స్టర్ చూడండి. అదీ తొలి అర్థంతోనే మొదలుపెడుతుంది. అయితే అన్నిటికంటే పాత అర్థాన్ని పట్టుకొని ప్రతిచోటా అతికించకూడదు. ‘నైస్’కు మూలమైన లాటిన్ మాటకు అర్థం ‘తెలియనివాడు’, మధ్యయుగ ఆంగ్లంలో అది ‘మూర్ఖుడు’. కానీ రోమియో-జూలియట్‌లో సన్యాసి తన ఉత్తరం ‘నైస్’ కాదన్నప్పుడు, అది అల్పమైన సంగతి కాదని మాత్రమే ఆయన ఉద్దేశం. మీరు చదివే పుస్తకం ఏ ఏటిదో చూసుకొని, ఆ ఏటికి దగ్గరగా ఉన్న ప్రయోగంతో వాక్యాన్ని మళ్లీ చదవండి.