స్టీరియో పదకోశం తిరగరాస్తున్న అమ్మాయికి

తల్లీ,

స్టీరియో ఫొటోల మీద, అంటే ఒకే దృశ్యాన్ని రెండు చోట్ల నుంచి తీసి, ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపి లోతు తెప్పించే ఫొటోల మీద నువ్వు పంపిన పదకోశం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే కూర్చుని చదివాను. రెండోసారి బల్ల మీద ఆ ఫొటోలు చూసే వ్యూయర్, పది పన్నెండు స్టీరియో జతలు పెట్టుకుని, ఒక్కో మాట చదివి ఒక్కో జత చూస్తూ పోయాను. మొదటిసారి బాగానే ఉన్నాయనిపించిన అర్థాలు చాలావరకు రెండోసారి నిలబడలేదు. నువ్వు కూడా అలా చదివితే నేను చెప్పబోయేవాటిలో సగం నీకే తడతాయి.

ముందు 'బేస్' సంగతి. "రెండు కళ్ల మధ్య దూరం" అని రాశావు. అది మనిషికి ఉండే కొలత, పెద్దవాళ్లలో సగటున 63 మిల్లీమీటర్లు. బేస్ ఫొటోకు సంబంధించింది: జతలోని రెండు బొమ్మలు ఏ రెండు చోట్ల నుంచి తీశామో, ఆ చోట్ల మధ్య దూరం. 1947లో వచ్చిన స్టీరియో రియలిస్ట్ కెమెరాలో అది 70 మిల్లీమీటర్లు, 2009 నాటి ఫ్యూజీ డబ్ల్యూ1లో 77. ఒకే కెమెరాను పక్కకు జరిపి రెండు బొమ్మలు తీసేవాళ్లకు బేస్ ఎంతైనా కావచ్చు.

ఈ రెండూ కలిపేస్తే ఏమవుతుందో నాకు అనుభవమే. పాతికేళ్ల కిందట నేనూ నీలాగే రాశాను. అది చదివిన ఒకాయన, కెమెరాను చెక్క మీద సరిగ్గా 65 మిల్లీమీటర్లు జరిపి, అడుగు దూరంలో ఉన్న మందారపువ్వును తీశాడు. చూస్తే పువ్వు రెండుగా విడిపోయింది, ఎంత చూసినా కలవలేదు, తలనొప్పి మాత్రం మిగిలింది. "మీరు రాసినట్టే చేశాను కదండీ" అని ఉత్తరం రాశాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అందుకే బేస్ పక్కనే ముప్పయ్యో వంతు లెక్క కూడా రాయి: అన్నిటికన్నా దగ్గరున్న వస్తువు ఎంత దూరంలో ఉందో, బేస్ అందులో ముప్పయ్యో వంతు. 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న పువ్వుకు 1 సెంటీమీటరు జరిగితే చాలు. గోల్కొండ బాలాహిస్సార్ మీద నిలబడి తీసేటప్పుడు, అన్నిటికన్నా దగ్గరున్న గోడ 60 మీటర్ల దూరంలో ఉంటే 2 మీటర్లు జరగొచ్చు. మామూలు లెన్స్‌తో, వెనక దృశ్యం చాలా దూరం దాకా ఉన్నప్పుడు వాడే ఉజ్జాయింపు ఇది. జూమ్ చేసి తీస్తే బేస్ ఇంకా తగ్గించాలి. అదీ చెప్పు.

'హైపర్‌స్టీరియో'కు "లోతు ఎక్కువగా కనిపించే చిత్రం" అన్నావు. కారణం వదిలేసి, ఫలితం కూడా సగమే చెప్పావు. బేస్‌ను కళ్ల మధ్య దూరం కంటే బాగా పెంచి తీసిన జత అది. లోతు పెరగడంతో పాటు, అంత కోటా బల్ల మీద పెట్టిన బొమ్మకోటలా చిన్నగా కనిపిస్తుంది.

'స్టీరియో విండో'ను "త్రిమితీయ గవాక్షం" అన్నావు. కిటికీ అను, చాలు. బొమ్మ చుట్టూ ఉన్న ఫ్రేమే ఆ కిటికీ, దృశ్యాన్ని దానిలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. ఈ ఒక్క మాటకు అరపేజీ ఇచ్చినా దండగ కాదు, కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఇంట్లో కిటికీకి నాలుగడుగుల దూరంలో నిలబడి, తల కదపకుండా ఒక్కో కన్ను మూసి చూడు. కుడి కంటికి కిటికీ ఎడమ అంచు దగ్గర బయటి దృశ్యం కాస్త ఎక్కువ కనిపిస్తుంది. ఎడమ కంటికి కుడి అంచు దగ్గర ఎక్కువ కనిపిస్తుంది. జతను కత్తిరించేటప్పుడు కూడా ఈ తేడా అలాగే ఉంటే దృశ్యం కిటికీ వెనక నిలుస్తుంది. ఇది తిరగబడితే, అంచు దగ్గరున్న చెట్టుకొమ్మ కిటికీకి ముందుకు వచ్చి కూడా ఫ్రేము చేత తెగిపోయినట్టు ఉంటుంది. ముందున్న వస్తువును వెనకున్న ఫ్రేము ఎలా కోస్తుందని కళ్లు ఒప్పుకోవు. విండో వయొలేషన్ అంటే ఇదే. నీ పట్టికలో "విండో నియమాన్ని ఉల్లంఘించుట" అని ఉంది. మాట తిప్పావు గాని, విషయం చెప్పలేదు.

'కుడి', 'ఎడమ' అని రాసిన ప్రతిచోటా ఆగి, ఎవరి కుడి, ఎక్కడి కుడి అని అడుగు. వ్యూయర్ లేకుండా చూసేటప్పుడు, ఏ కన్ను తన ఎదురుగా ఉన్న బొమ్మనే చూసే సమాంతర చూపుకు ఎడమకంటి బొమ్మ ఎడమ పక్కన ఉండాలి, కళ్లు లోపలికి తిప్పి ఎడమ కన్ను కుడి బొమ్మను, కుడి కన్ను ఎడమ బొమ్మను చూసే అడ్డచూపుకు కుడి పక్కన ఉండాలి. ఒకదానికి పేర్చిన జతను రెండో పద్ధతిలో చూస్తే గుంట గుట్ట అవుతుంది, ముక్కు లోపలికి పోతుంది. దీన్నే సూడోస్కోపిక్ అంటారు. జతను చూసే పరికరమైన స్టీరియోస్కోపును 1838లో వివరించిన ఇంగ్లండ్ శాస్త్రవేత్త వీట్‌స్టన్, 1852లో ఈ తిరగబడిన చూపు కోసమే సూడోస్కోప్ అనే పరికరాన్ని కూడా చూపించాడు. "తప్పుడు చిత్రం" అని నువ్వు రాసింది చాలదు. లోతు తారుమారైందని చెప్పాలి.

'ఘోస్టింగ్', 'క్రాస్‌టాక్' రెండింటికీ ఒకే అర్థం ఇచ్చావు. ఒక కంటి బొమ్మ రెండో కంటికి లీకవడం క్రాస్‌టాక్. దానివల్ల మనకు కనిపించే నీడలాంటి రెండో గీత ఘోస్టింగ్. 'రెటినల్ రైవల్రీ'కి నువ్వు కట్టిన "నేత్రపటల స్పర్ధ" కన్నా "కళ్ల పెనుగులాట" నాకు నచ్చుతుంది. ఎర్రచీర కట్టుకున్న ఆవిడ ఫొటోను అనాగ్లిఫ్ చేసి, అంటే ఒక కంటికి ఎర్ర అద్దం, రెండో కంటికి సయాన్ (నీలిపచ్చ) అద్దం పెట్టుకుని చూసే బొమ్మగా చేసి చూడు. ఎర్ర అద్దంలోంచి చీర వెలిగిపోతుంది, సయాన్ అద్దంలోంచి నల్లబడుతుంది. రెండు కళ్లూ తెరిస్తే చీర ఒకచోట నిలవకుండా మెరుస్తూ చూపును ఇబ్బంది పెడుతుంది. ఆ చీర సంగతి రాస్తే ఇక వేరే వివరణ అక్కర్లేదు.

ప్రతి ఇంగ్లిష్ మాటకూ తెలుగు కట్టాలని టెన్షన్ పడకు. చూసే చోటు మారితే వస్తువు పక్కకు జరిగినట్టు కనిపించడానికి వాడే 'పారలాక్స్' ఉంచు. పక్కన దృష్టి విక్షేపం అని రాస్తే ఫిజిక్స్ తెలుగులో చదివినవాళ్లకు అందుతుంది. ఆ కింద, ముక్కు ముందు వేలు పెట్టుకుని ఒక్కో కన్ను మూసి చూడమని ఒక వాక్యం రాయి.

సరిచేసిన ప్రతి వచ్చినప్పుడు, ఒక్కో మాటకూ నువ్వు చూసిన జత ఏదో అంచులో పెన్సిల్‌తో రాసి పంపు. కిటికీ పేజీ అయిపోతే మిగతావాటి కోసం ఆగకు, అదొక్కటే ముందు పంపించు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు