బొటనవేలి కీలులో మంట

ప్రశ్న: డాక్టరు గారూ, అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్లొచ్చిన రాత్రి కుడికాలి బొటనవేలి మొదట్లో మంటతో మెలకువ వచ్చేసింది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయాను. తెల్లారేసరికి ఎర్రగా వాచింది. వేడి నూనెతో మర్దన చేస్తే ఇంకా ఎక్కువైంది. యూరిక్ యాసిడ్ 6.4 ఉంది, మామూలేనన్నారు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. ఇదేం జబ్బు? – పాఠకుడు, తిరుపతి

జవాబు: లక్షణాలన్నీ గౌట్‌నే చూపిస్తున్నాయి. యూరిక్ యాసిడ్ సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలుగా కీలులో పేరుకుంటుంది. తెల్లరక్తకణాలు వాటి మీద విరుచుకుపడితే వచ్చేదే ఈ ఎరుపు, వేడి, మంట. ఒంట్లో చల్లగా ఉండే చోటు కాబట్టి బొటనవేలికే ముందు వస్తుంది. 3,550 మెట్లెక్కి, చెమటలు కారి, నీళ్లు చాలినన్ని తాగకపోతే అదే చాలు దీన్ని రేపడానికి.

6.4 చూసి గౌట్ కాదనుకోకండి. నొప్పి రేగినప్పుడు ఈ అంకె తగ్గి కనబడొచ్చు. తగ్గాక 2–4 వారాలు ఆగి మళ్లీ చేయించండి.

మర్దన, కాపడం, సున్నం–పసుపు పట్టు మానేయండి. ఐసును తువ్వాల్లో చుట్టి 15–20 నిమిషాలు పెట్టి, కాలు దిండు మీద ఎత్తి ఉంచండి. మందు మొదటి రోజే మొదలైతే బాగా పనిచేస్తుంది. అయితే మీకు బీపీ ఉంది కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు. డాక్టరు గౌట్ మంటను తగ్గించే కాల్చిసిన్ రాస్తే చెప్పిన మోతాదు దాటకండి. విరేచనాలు పట్టుకుంటే ఆపి, వెంటనే ఆయనకు చెప్పండి. మీ బీపీ మాత్రల అట్ట మీద హైడ్రోక్లోరోథయాజైడ్ అని ఉందేమో చూడండి. అది యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. మీ అంతట మీరు మానకండి, మార్చమని అడగండి.

ఏడాదికి రెండు మూడుసార్లు వస్తుంటే అల్లోప్యూరినాల్ అవసరమవుతుంది. ఇది నొప్పి మాత్ర కాదు, యూరిక్ యాసిడ్‌ను తగ్గించే మందు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, యూరిక్ యాసిడ్ 6 కంటే దిగేదాకా పెంచుతూ, ఏళ్ల తరబడి వాడాలి. నొప్పి పోయిందని మానేసినవాళ్లే మళ్లీ మా దగ్గరికి వస్తుంటారు.

బీరు, లివరు, బోటీ, ఎండుచేపలు, కూల్‌డ్రింకులు తగ్గించండి. కందిపప్పుకు, ఉలవచారుకు భయపడనక్కర్లేదు. సంగటి నిక్షేపంగా తినొచ్చు, పక్కన మాంసం పులుసే కొంచెం చాలు.

చలిజ్వరంతో కీలు కాలిపోతుంటే మాత్రం ఐసు పెట్టుకుని కూర్చోవద్దు. లోపల చీము పట్టి ఉండొచ్చు. ఆ రోజే రుయా లాంటి పెద్దాసుపత్రికి వెళ్లండి, సూదితో నీరు తీసి పరీక్షిస్తారు.

ప్రశ్న: షుగరుంది. రాత్రిళ్లు రెండు పాదాలూ మంటలు. వాపు లేదు. కీళ్లవాతమా? – పాఠకురాలు, చిత్తూరు

జవాబు: కీళ్లది కాదమ్మా, నరాలది అయ్యుండొచ్చు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష) చేయించండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతుంటే విటమిన్ బీ12 పరీక్ష కూడా. దీనికి మామూలు నొప్పి మాత్రలు పెద్దగా పనిచేయవు.