మేనల్లుడి బయోగ్యాస్ ప్లాంటులో రిటైర్‌మెంట్ డబ్బు పెట్టవచ్చా?

ప్రశ్న: టీచరుగా రిటైరయ్యాను. గ్రాట్యుటీ, పీఎఫ్ కలిపి 40 లక్షలు చేతిలో ఉన్నాయి. మా తమ్ముడి కొడుకు స్నేహితులతో కలిసి పేడ, చెత్త నుంచి గ్యాస్ తీసే ప్లాంటు పెడుతున్నాడు. రోజుకు 2 టన్నుల గ్యాస్ వస్తుందట. నన్ను 25 లక్షలు పెట్టమంటున్నాడు, బ్యాంకు లోనుకు మా ఇల్లు కూడా తాకట్టు పెట్టమంటున్నాడు. ‘సబ్సిడీ ఉంది, గ్యాసంతా ప్రభుత్వ కంపెనీలే కొంటాయి, రిస్కే లేదత్తా’ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఇల్లు మాత్రం తాకట్టు పెట్టకండమ్మా. 25 లక్షలు కూడా వద్దు. మీ మేనల్లుడు అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆయన చెప్పింది సగమే.

ప్రభుత్వ మద్దతు నిజంగానే ఉంది. 2018లో మొదలైన సతత్ పథకం కింద ఇండియన్ ఆయిల్, గెయిల్ లాంటి కంపెనీలు ఈ గ్యాస్ కొంటున్నాయి. వాహనాల సీఎన్‌జీలో, ఇళ్లకొచ్చే పైపు గ్యాస్‌లో దీన్ని కొంత కలిపి తీరాలన్న నిబంధన 2025-26 నుంచి వచ్చింది. మొదటి ఏడాది 1 శాతం, 2028-29 నాటికి 5 శాతం. ప్లాంట్ల నుంచి సిటీ గ్యాస్ నెట్‌వర్క్ దాకా పైప్‌లైన్లు వేయడానికి కేంద్రం 994.50 కోట్లతో ఇంకో పథకం పెట్టింది. కాబట్టి కొనేవాళ్ల గురించి నాకు టెన్షన్ లేదు.

నా బెంగంతా ముడిసరుకు గురించే. ఇండోర్‌లో 2022లో ప్రారంభించిన ప్లాంటును రోజుకు 550 టన్నుల తడి చెత్తతో దాదాపు 17 టన్నుల గ్యాస్ వచ్చేలా కట్టారు. అంటే టన్ను గ్యాస్‌కు 32 టన్నుల చెత్త. పేడతో అయితే సుమారు 50 టన్నులు కావాలి. మీవాడి ప్లాంటు పేడ మీదే నడిస్తే రోజుకు 100 టన్నులు రావాలి. వానొచ్చినా, పండగొచ్చినా రావాలి. పేడ పులిసి గ్యాసయ్యే మూసిన ట్యాంకులో, అంటే డైజెస్టర్‌లో పనిచేసేవి ప్రాణమున్న సూక్ష్మజీవులు. ఇవాళ పేడ, రేపు హోటల్ వ్యర్థాలు అంటూ ఉన్నట్టుండి మేత మారిస్తే లోపల ఆమ్లం పెరిగి గ్యాస్ పడిపోతుంది. మళ్లీ గాడిన పడటానికి వారాలు పట్టొచ్చు. ఈఎంఐ అన్నాళ్లు ఆగదు కదా!

గ్యాస్ కిలో 54 రూపాయల చొప్పున లెక్కేద్దాం. పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు 1,08,000. అరవై శాతమే నడిస్తే 64,800. జీతాలు, కరెంటు, రవాణా, వడ్డీ పోగా ఈ రెండో అంకెలో ఏం మిగులుతుందో ఆయన్నే కాగితం మీద రాసి చూపించమనండి.

ఇక సబ్సిడీ. జాతీయ బయోఎనర్జీ కార్యక్రమం కింద రోజుకు 4,800 కిలోల సామర్థ్యానికి 4 కోట్లు ఇస్తారు. ఆ దామాషాలో 2 టన్నుల ప్లాంటుకు కోటీ 67 లక్షల దాకా వస్తుంది. కానీ కట్టడం మొదలుపెట్టగానే చేతికిచ్చే డబ్బు కాదిది. ప్లాంటు పూర్తయి, అనుమతులొచ్చాకే వచ్చేది, మొత్తం రావాలంటే నడిపి చూపించాలి. అప్పటిదాకా భారమంతా పెట్టుబడిదారులదే. పైగా ఆ కార్యక్రమం మొదటి దశ 2026 మార్చి వరకే. గ్యాస్ తీశాక మిగిలే వ్యర్థంతో చేసే సేంద్రియ ఎరువుకు టన్నుకు 1,500 చొప్పున ఇచ్చే సాయాన్ని కూడా 2025-26 వరకే ప్రకటించారు. మీవాడి ప్లాంటుకు ఏ నిబంధన వర్తిస్తుందో ఉత్తర్వు కాపీ చూపించాలి.

ఎరువు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. గ్యాస్ తీశాక మిగిలే స్లర్రీ ఎక్కడికి పోతుంది? పలచటి స్లర్రీని రైతు దూరం నుంచి ట్యాంకర్‌లో తోలుకెళ్లడు. దాన్ని పిండి, ఆరబెట్టి, బస్తాల్లోకి ఎత్తే ఏర్పాటు ప్రాజెక్టు రిపోర్టులో లేకపోతే ఆ రిపోర్టు నమ్మకండి.

మీ 40 లక్షల్లో 30 లక్షల దాకా సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేసుకోవచ్చు. మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. ఏడాది ఖర్చులకు సరిపడా బ్యాంకులో ఉంచండి. అప్పటికీ మేనల్లుడికి అండగా ఉండాలనిపిస్తే 2 లక్షలు, మహా అయితే 3 లక్షలు, పోయినా ఇల్లు గడుస్తుందనుకుంటేనే ఇవ్వండి. చెక్కు కంపెనీ పేరు మీద రాయండి, షేర్లు మీ పేరు మీద తీసుకోండి. అంతకుముందు గ్యాస్ కొనుగోలు ఒప్పందం, పేడ సరఫరా ఒప్పందాలు అడిగి చూడండి. మొదటిది ఉండి రెండోది లేకపోతే ఆ 2 లక్షలు కూడా ఇప్పుడే ఇవ్వొద్దు. హామీ సంతకం మాత్రం ఎంత చిన్న మొత్తానికైనా చేయకండి.